ఊపిరి లెక్కపెట్టకండి

సెప్సిస్ అంటే ఏమిటో తేల్చుకోలేక పెద్ద పెద్ద డాక్టర్లే ముప్పయ్యేళ్ళ పైబడి కొట్టుకుంటున్నారు. వాళ్ళకే తేలనిది మనకెందుకు తేలాలి? ఈ ఒక్క ముక్క పట్టుకుంటే చాలండి. ఏలూరు పవరుపేటలో ఉన్నా, తాడేపల్లిగూడెంలో ఉల్లిపాయల బస్తాల మధ్య ఉన్నా, కొల్లేటి లంకలో ఉన్నా ఈ జబ్బుని సకాలంలో పట్టుకోకుండా హాయిగా గడిపేయొచ్చు. పట్టుకుంటే ఎన్ని తలనొప్పులో చూడండి. అర్ధరాత్రి కారు మాట్లాడాలి, మేనల్లుణ్ణి లేపాలి, ఆస్పత్రి గుమ్మంలో నిలబడి జేబులు తడుముకోవాలి. పట్టుకోకపోతే ఇవన్నీ ఓ రెండ్రోజులు వాయిదా పడతాయి. ఆ రెండ్రోజులూ ఎలా మిగుల్చుకోవాలో చెబుతాను. ఇళ్ళల్లోవాళ్ళకీ పనికొస్తుంది, డ్యూటీ డాక్టర్లకీ పనికొస్తుంది.

ముందు రోగి ఉండాలి కదా. మీ బాబాయినే అనుకుందాం. యాభై దాటాయి, షుగరుంది, కైకలూరు వైపు చేపల చెరువు కౌలుకి చేస్తున్నాడు. పట్టుబడి రోజున కూలీలతోపాటు తనూ చెరువులోకి దిగాడు. మడమ పక్కన గుల్ల కోసుకుంది. గట్టెక్కి కాలు కడుక్కుని (అదే చెరువు నీళ్ళతో లెండి) ఇంత పసుపు అద్ది, లారీలో ఐసు కొట్టించే పనిలో పడ్డాడు. మర్నాటికి పాదం ఉబ్బింది. సాయంత్రానికి చలిజ్వరం. ఊళ్ళో ఆర్‌ఎంపీ గారు వచ్చి ఓ ఇంజెక్షను చేసి, డోలో బిళ్ళలిచ్చి వెళ్ళారు. మంచినీటి చెరువుల్లో ఏరోమోనాస్ అనే సూక్ష్మజీవి మామూలుగానే ఉంటుందట, ఉప్పు తగిలిన నీళ్ళలో విబ్రియో వల్నిఫికస్ అనేది ఉంటుందట, షుగరో లివరు జబ్బో ఉన్నవాడికి ఇంత గాటు చాలట. పుస్తకాల్లో ఉంది. పుస్తకాలు చదివి చెరువులు చేస్తామా?

మొదట జ్వరం సంగతి. డోలో వేశాక గంట ఆగి థర్మామీటర్ పెట్టండి. జ్వరం దిగి ఉంటుంది. జ్వరం దిగితే రోగం దిగినట్టే అని ఇంటిల్లిపాదికీ ఫోన్లు చేసి చెప్పండి. మర్నాడు బిళ్ళ వెయ్యకుండానే ఒళ్ళు చల్లగా తగిలిందనుకోండి, ఇంకా మంచిది, స్వామికి కొబ్బరికాయ కూడా కొట్టొచ్చు. 1991లో అమెరికాలో డాక్టర్లు సభ పెట్టుకుని సెప్సిస్‌కి గుర్తులు రాసుకున్నప్పుడు ఒంటి వేడి 38 డిగ్రీలు దాటినా అనుమానించాలి, 36 కన్నా తగ్గినా అనుమానించాలి అన్నారు. మన థర్మామీటర్ మీద అవి 100.4, 96.8. పై అంకె గుర్తుంచుకుని కింది అంకెని మర్చిపోండి. పెద్దవయసు వాళ్ళకీ, షుగరు వాళ్ళకీ ఎంత ఇన్‌ఫెక్షనున్నా ఒక్కోసారి జ్వరం రానే రాదన్న విషయం కూడా అదే మరపులో కలిపేయండి.

ఇప్పుడు అన్నిటికన్నా పెద్ద కిటుకు. ఆస్పత్రిలో మంచం కాళ్ళ దగ్గర వేలాడే కేస్ షీటు తీసి చూడండి. టెంపరేచర్, పల్స్, బీపీ, ఆర్‌ఆర్ అని గడులుంటాయి. మొదటి మూడూ ఎవరైనా మళ్ళీ చూస్తే తేడా దొరికిపోతుంది, కాబట్టి కాస్త నిజమే రాయాలి. ఆర్‌ఆర్ అంటే నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తున్నాడో ఆ లెక్క. దానికి ఏ పరికరమూ అక్కర్లేదు. దుప్పటి కాస్త కిందికి లాగి, సెకన్ల ముల్లు ఒక చుట్టు తిరిగొచ్చేదాకా, ఛాతీ ఎన్నిసార్లు లేచిందో చూస్తూ నిలబడాలి. అరవై సెకన్లు! ఇరవై మంచాలుంటే ఇరవై నిమిషాలు. ఈలోపు ఫోనొస్తుంది, అటెండరు పిలుస్తాడు, పక్క మంచం తాలూకు ఆవిడ సెలైన్ అయిపోయిందంటుంది. అందుకని 20 అని రాసెయ్యండి. ఈ చివర మంచం నుంచి ఆ చివర మంచం దాకా అందరికీ 20. ఆయాసంతో వెల్లకిలా పడుకోలేక దిండు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నవాడికీ 20, డిశ్చార్జి కాగితం కోసం చూస్తూ ఫోన్లో రీల్స్ తిప్పుకుంటున్నవాడికీ 20. మార్పు కావాలనుకుంటే 18 రాయొచ్చు. ఇది మన ఊరి విద్యే అనుకోకండి. ఊపిరి లెక్కని ఊహించి రాసే ఆచారం పెద్ద దేశాల ఆస్పత్రుల్లోనూ ఉందని అక్కడివాళ్ళే రాసుకున్నారు.

ఆ 20లో ఉన్న అందం అంతా ఇంతా కాదు. 1991 నాటి పద్ధతిలో ఊపిరి 20 దాటితే అనుమానం. 2016లో వచ్చిన పద్ధతిలో 22 చేరితే అనుమానం. మీరు సరిగ్గా 20 దగ్గర ఆగారు. రెండు శిబిరాల్లో ఎవరూ మిమ్మల్ని వేలెత్తి చూపలేరు. మూడు దశాబ్దాలుగా ఇన్ని సభలూ, ఇన్ని పత్రాలూ, ఇన్ని వాదాలూ నడిచింది ఎవరూ లెక్కపెట్టని ఆ అంకె చుట్టూ కూడానన్నది తల్చుకుంటే నాకు ఎక్కడలేని నిశ్చింత కలుగుతుంది.

వాదాల సంగతి వచ్చింది కాబట్టి, అందులో దిగడం ఎలాగో నేర్పుతాను. రోగిని చూడకుండా ఉండటానికి వాదనంత మర్యాదైన మార్గం ఇంకోటి లేదు. 1991 నాటి పద్ధతి పేరు సిర్స్. ఒంటి వేడి, గుండె వేగం నిమిషానికి 90 దాటడం, ఊపిరి 20 దాటడం, తెల్లకణాలు పన్నెండు వేలు దాటడమో నాలుగు వేలకి పడిపోవడమో, ఈ నాలుగింట్లో రెండుండి, ఇన్‌ఫెక్షన్ అనుమానం ఉంటే అది సెప్సిస్. దీన్ని ఎగతాళి చేయడం చాలా తేలిక. జలుబు చేసినవాడు చిన తిరుపతి మెట్లు గబగబా ఎక్కితే పైమెట్టు మీద గుండె 90 దాటుతుంది, ఊపిరి 20 దాటుతుంది, జలుబు ఉండనే ఉంది. వెంకన్న సాక్షిగా సెప్సిస్! నిజానికి వార్డుల్లో చేరిన రోగుల్లో దాదాపు సగం మందికి ఎప్పుడో ఒకప్పుడు ఈ గుర్తులు రెండు కనపడతాయని అమెరికాలో లెక్కతేల్చారు. పోనీ అతిగా అరిచే కుక్కైనా దొంగని వదలదు కదా అనుకుంటే అదీ లేదు. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ ఐసీయూల పద్నాలుగేళ్ళ రికార్డులు తిరగేసి 2015లో ఇంకో సంగతి బయటపెట్టారు. ఇన్‌ఫెక్షనూ ఉండి, అవయవాలూ దెబ్బతిన్న రోగుల్లో ఎనిమిది మందికి ఒకరు ఈ రెండు గుర్తుల పరీక్షలో దొరకనేలేదు.

దాంతో 2016 ఫిబ్రవరిలో కొత్త నిర్వచనం వచ్చింది. పందొమ్మిది మంది నిపుణులు కూర్చుని తేల్చారు. ఇన్‌ఫెక్షన్ మీద పోరుకు దిగిన ఒళ్ళు అదుపు తప్పి తన అవయవాల్నే ప్రాణం మీదికొచ్చేలా దెబ్బతీసుకోవడం సెప్సిస్ అన్నారు. మాట బాగుంది, ఒప్పుకుంటాను. దాన్ని కొలవడానికి సోఫా అనే స్కోరు పెట్టారు. అది రెండు పాయింట్లు పెరగాలి. మంచం పక్కన తేలిగ్గా చూసుకోవడానికి క్యూసోఫా అని చిన్నదొకటి ఇచ్చారు. ఊపిరి 22 లేదా అంతకు పైన, పై బీపీ 100 లేదా అంతకు కింద, తెలివిలో తేడా. మూడింట్లో రెండుంటే మనిషి ప్రమాదంలో ఉన్నట్టు. పిట్స్‌బర్గ్ చుట్టుపక్కల పన్నెండు ఆస్పత్రుల రికార్డుల్లోంచి దీన్ని తయారుచేశారు. ఆ పందొమ్మిది మందిలో పేద దేశాల వాళ్ళు లేరే అని గోల లేచింది. అమెరికాలోనే ఎమర్జెన్సీ డాక్టర్ల సంఘం ఈ నిర్వచనానికి తలూపలేదు. క్యూసోఫా మోగేసరికి ఆలస్యమైపోతోందని రుజువులు పోగయ్యాక, 2021 అంతర్జాతీయ మార్గదర్శకాలు క్యూసోఫా ఒక్కదాన్నే నమ్ముకుని జల్లెడ పట్టొద్దని చెప్పేశాయి.

రోగిని ముందే పట్టించే గంట ఒకటి, జబ్బు ఇదేనని తేల్చి చెప్పే తీర్పు ఇంకొకటి. రెంటి పనీ వేరు. గంట తప్పుగా మోగినా ఫర్వాలేదు, తీర్పు తప్పకూడదు. గంటని తీర్పులా, తీర్పుని గంటలా వాడబట్టే ఈ తగువంతా అని కొందరు మెల్లగా అంటుంటారు. అలాంటివాళ్ళని సభలో ముందు వరసలో కూర్చోనివ్వకండి, చర్చ అయిపోతుంది. మీరు చేయాల్సిందల్లా ఒకటే. రోగికి సిర్స్ గుర్తులుంటే "సిర్స్ పాతబడిపోయిందండి, క్యూసోఫా చూడాలి" అనండి. క్యూసోఫా కూడా తేడా చూపిస్తే "దాన్ని నమ్మొద్దని గైడ్‌లైన్సే చెప్పాయి" అనండి. ఏ పద్ధతి కాదంటుందో ఆ వేళకి అదే శాస్త్రం. ఇలా పద్ధతులు మారుస్తూ బాబాయిని తెల్లారేదాకా లాక్కురావచ్చు.

బీపీ దగ్గర రెండు వైపులా తప్పించుకునే వీలుంది. చెరువు గట్టున బరువులు మోసే సన్నటి మనిషికి 100 వస్తే "వాడికెప్పుడూ అంతే" అనండి, చాలాసార్లు నిజమే కూడా. ఇక ఇరవయ్యేళ్ళుగా 160తో తిరుగుతున్న బాబాయికి ఇవాళ 112 వచ్చిందనుకోండి, "ఇన్నాళ్ళకి బీపీ నార్మల్‌కొచ్చింది" అని మెచ్చుకోండి. 1991 పద్ధతిలో, ఆ మనిషికి రోజూ ఉండే బీపీ కన్నా 40 పడిపోయినా లెక్కలోకే వచ్చేది. క్యూసోఫాలో ఆ వాక్యం లేదు, 100 అన్న గీత ఒక్కటే ఉంది. మనిషికి మామూలుగా ఎంత ఉండేదో ఇంట్లోవాళ్ళకి తప్ప ఎవరికీ తెలియదు, ఇంట్లోవాళ్ళని బయట కూర్చోమన్నాం. పాత మందుల చీటీ బీరువాలో ఉంది, బీరువా తాళం పిన్ని బొడ్లో ఉంది.

అసలు సోఫా స్కోరు వేయాలంటే రక్తంలో ఆక్సిజన్ కొలిచే ఏబీజీ కావాలి, బిలిరుబిన్, క్రియాటినిన్, ప్లేట్‌లెట్లు కావాలి, మూత్రం కొలత కావాలి. రాత్రి పదకొండింటికి మండవల్లిలో ఏబీజీ ఎక్కడ దొరుకుతుంది? దొరకదు కాబట్టి స్కోరు పూర్తికాదు, స్కోరు పూర్తికాలేదు కాబట్టి సెప్సిస్ కాదు. ఈ తర్కంలో బొక్క ఎవరైనా చూపిస్తే నాకు ఉత్తరం రాయమనండి. ఆ స్కోరుని తొంభైల్లో యూరప్ వాళ్ళు మొదట తయారుచేసింది ఐసీయూలో రోగి ఏ రోజు ఎంత దిగజారాడో రాసుకోవడానికే తప్ప, గుమ్మంలో రోగిని పట్టుకోవడానికి కాదని ఎవరైనా గుర్తుచేస్తే నవ్వి ఊరుకోండి.

పరీక్షల మాటకొస్తే, చేయాల్సినవి మానేసి మనకిష్టమైనవి చేయించడం మన ప్రాంతానికి వెన్నతో పెట్టిన విద్య. జ్వరం అనగానే వైడాల్. 1896 నాటి పరీక్ష. టైఫాయిడ్ ఊరంతా తిరిగే చోట ఎప్పుడో సోకినదానికీ, వేసుకున్న టీకాకీ కూడా పాజిటివ్ చూపిస్తుంది. అందుకే అది మనకిష్టం, ఎప్పుడూ నిరాశపరచదు. "వన్ ఈజ్ టు వన్ సిక్స్టీ వచ్చిందంట, టైఫాయిడంట" అని వీధి వీధంతా ఒప్పుకున్నాక బాబాయి పాదం గురించి ఎవరూ ఎత్తరు. ఇక ప్లేట్‌లెట్లు లక్షకి తగ్గాయంటే డెంగ్యూ, బొప్పాయాకు రసం. సెప్సిస్‌లోనూ ప్లేట్‌లెట్లు పడిపోతాయి కదా, సోఫాలో అదీ ఒక గడే కదా అని అడిగే బుద్ధిమంతుడు ఆ గదిలో ఉండడు. ఉంటే బొప్పాయాకు కోసుకురమ్మని పంపేయండి.

కల్చరుకి రక్తం తీయాలంటే యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందే తీయాలి. మీరు మెడికల్ షాపులో అడిగి రెండ్రోజులు ఏదో ఒకటి వాడించాక తీయించండి. సీసాలో ఏమీ పెరగదు. పెరగలేదు కాబట్టి ఇన్‌ఫెక్షనే లేదనేయొచ్చు. ఏ మందూ పడకపోయినా సెప్సిస్ రోగుల్లో ఎందరికో కల్చర్లో ఏదీ దొరకదన్నది వేరే సంగతి. ఒకవేళ పెరిగినా భయం లేదు. తడి నేలల్లో, వరి మళ్ళల్లో బతికే మెలియాయిడోసిస్ క్రిమిని అలవాటు లేని ల్యాబు సూడోమోనాస్ అనుకుని పక్కన పెట్టేయడం దేశంలో జరుగుతూనే ఉంది. షుగరున్నవాళ్ళని వెతుక్కుని మరీ పట్టుకునే జబ్బది. మామూలుగా వాడే యాంటీబయాటిక్కులు చాలావాటికి లొంగదు. 2025 సెప్టెంబరులో గుంటూరు దగ్గర తురకపాలెంలో నెలల తరబడి వరసగా మరణాలయ్యాక గానీ ఆ పేరు మన పేపర్లలో మొదటి పేజీకి రాలేదు. మన జిల్లా అంతా వరీ, చెరువులూ, షుగరూనూ. అయినా మనకెందుకు, అది గుంటూరు జిల్లా.

ఇక ఇంట్లో పెద్దావిడ. ఈవిణ్ణి రోగి మంచం దగ్గరికి రానిచ్చారో మీ పని అయిపోయినట్టే. కేస్ షీటు చూడదు, ఏబీజీ తెలియదు. వచ్చి అరికాళ్ళు పట్టుకు చూస్తుంది. "కాళ్ళు చల్లబడ్డాయేంట్రా" అంటుంది. పొద్దుట్నుంచీ ఒంటికి పోశాడా అని అడుగుతుంది. ఏరా, నేనెవర్నిరా అని పలకరిస్తే బాబాయి చనిపోయిన తన అన్న పేరు పెట్టి పిలుస్తాడు. సంధి మాటలొచ్చాయి, ఎగఊపిరి తీస్తున్నాడు అంటుంది. లెక్కేసి చూడండి. తెలివిలో తేడా, ఊపిరి వేగం, మూత్రం తగ్గడం, కాళ్ళకి రక్తం అందకపోవడం. పిట్స్‌బర్గ్ రికార్డులు తిరగెయ్యకుండానే నాలుగు చెప్పింది. వేలికొస నొక్కి వదిలితే తెల్లబడ్డది మూడు సెకన్లలో మళ్ళీ ఎర్రబడుతోందా అని చూసుకుంటూ వైద్యం నడిపితే ఎలా ఉంటుందో 2019లో దక్షిణ అమెరికాలో 28 ఐసీయూల్లో పరీక్షించారు. రక్తంలో లాక్టేట్ కొలుస్తూ నడిపిన వాళ్ళకన్నా ఆ వేలికొస వైపే కాస్త తక్కువ మంది పోయారు. ఆ తేడా ఖాయమని మాత్రం లెక్కల్లో తేలలేదు. కాకపోతే పూర్వం మన పెద్దావిడలు ఈ గుర్తులు చూసి చేసిందేమిటంటే, హైదరాబాదులో కొడుక్కి కబురు పెట్టించడం, తులసి తీర్థం సిద్ధం చేయడం. గుర్తులు సరిగ్గా చూశారు, వాటిని చివరి గుర్తులనుకున్నారు. ఇప్పుడు అదే ఆవిడ అవే గుర్తులు చూసి 108కి ఫోన్ చెయ్యమంటే మన రెండ్రోజులూ గంగలో కలిసినట్టే. అందుకని "మామ్మా, నువ్వెళ్ళి పడుకో, వాడు ఇప్పుడే నిద్రపోయాడు" అనండి. రాత్రంతా కలవరించి తెల్లారగట్ల మగతలోకి జారిన మనిషిని "ఇప్పటికి బాగా నిద్రపట్టింది పాపం" అని లేపకుండా వదిలేయడం నేను మన ఇళ్ళల్లో చూసినంత ఇంకెక్కడా చూడలేదు.

ఇలా చదువుకోనివాళ్ళ చేతికి గుర్తులిచ్చి పాడుచేసిన డాక్టర్లూ ఉన్నారు. మన తెలంగాణ సరిహద్దు దాటితే గడ్చిరోలి. అక్కడ అభయ్ బంగ్, రాణి బంగ్ దంపతులు పల్లె ఆడవాళ్ళకే పసిపిల్లల్లో సెప్సిస్ పట్టుకోవడం నేర్పారు. ఏడుపు నీరసపడటం, పాలు సరిగా తాగకపోవడం, ఒళ్ళు వేలాడిపోవడం, చర్మం చల్లబడటం, బొడ్డులో చీము, ఇలా కంటికీ చేతికీ అందే గుర్తులే. రెండు కలిస్తే సెప్సిస్ అనుకుని మందు మొదలుపెట్టడమే. ఈ ఇంటింటి వైద్యంతో ఆ పల్లెల్లో నెలలోపు పిల్లల మరణాలు 62 శాతం తగ్గాయని 1999లో లాన్సెట్‌లో వేశారు. నిర్వచనం మీద ఏకాభిప్రాయం కుదరకుండానే పిల్లలు బతికేశారు. ఇదేం పద్ధతండీ.

మన ఏలూరు డాక్టర్లు కూడా ఓసారి ఇదే తప్పు చేశారు. 2020 డిసెంబరు 5 సాయంత్రం నుంచి వన్ టౌన్ వీధుల్లో మనుషులు ఉన్నట్టుండి పడిపోవడం మొదలైంది. ఫిట్స్, కాసేపు మతి లేకపోవడం, వాంతులు, తలనొప్పి. కొద్దిరోజుల్లో ఆరువందల మందికి పైగా. అదేం జబ్బో ఎవరికీ తెలియదు. కరోనా కాదు, సీటీ స్కానుల్లో ఏమీ లేదు. నా సలహా ప్రకారమైతే పేరు తేలేదాకా ఆగాలి. వీళ్ళు ఆగలేదు. ఫిట్స్ ఆపే మందిచ్చి, పక్కన కూర్చుని కనిపెట్టి, తేరుకున్నవాళ్ళని ఇంటికి పంపారు, అనుమానంగా ఉన్నవాళ్ళని విజయవాడ, గుంటూరు పంపారు. ఢిల్లీ ఎయిమ్స్ నుంచి రక్తంలో సీసం, నికెల్ ఉన్నాయన్న కబురొచ్చేసరికే చాలామంది ఇళ్ళకెళ్ళిపోయారు. పురుగుమందుల అవశేషాలే ప్రధాన కారణమని ప్రభుత్వం చెప్పేసరికి డిసెంబరు సగం అయిపోయింది. అవి ఏ దారిన ఒంట్లోకి వెళ్ళాయన్న మీమాంస ఆ తర్వాతా నడిచింది. అంతమందిలో దాదాపు అందరూ బతికి బయటపడ్డారు. జబ్బుకి పేరు పెట్టకముందే మనిషిని చూసుకోవచ్చన్న చెడ్డ అలవాటు ఊరికి పడిపోయి ఉంటుందేమో అని భయపడ్డాను గానీ, అదృష్టవశాత్తూ మర్చిపోయాం.

ఆలస్యం విషయంలో కొందరు లెక్కలు చూపించి బెదిరిస్తారు. షాకులోకి వెళ్ళిన సెప్సిస్ రోగికి సరైన యాంటీబయాటిక్ గంట ఆలస్యమైన కొద్దీ బతికే అవకాశం సగటున 7.6 శాతం తగ్గుతుందని 2006లో ఒక పెద్ద పత్రం వచ్చింది. 2012లో న్యూయార్కులో రోరీ స్టాంటన్ అనే పన్నెండేళ్ళ పిల్లవాడు ఆటలో పడి మోచెయ్యి గీరుకుంటే, కడుపులో తేడా అని ఎమర్జెన్సీ నుంచి ఇంటికి పంపేశారు. ఆ గీతే సెప్సిస్ అయి పోయాడు. తల్లిదండ్రులు పోరాడితే ఆస్పత్రులన్నీ సెప్సిస్‌ని ఎలా పట్టుకుంటాయో రాసిపెట్టుకోవాలని 2013లో ఆ రాష్ట్రం నిబంధనలే తెచ్చింది. మనకా బాధ లేదు. లంకలో పడవ ఎక్కి, గట్టు మీద ఆటో దొరికి, కైకలూరు మీదుగా ఏలూరు చేరి, అక్కడ "విజయవాడ తీసుకెళ్ళండి" అనిపించుకుని ఇంకో అరవై కిలోమీటర్లు పోయేసరికి గంటల లెక్క దానంతటదే అయిపోతుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు నీళ్ళు కొల్లేట్లో పడ్డప్పుడైతే లంకలకి దారే లేదు. రిఫరల్ చీటీ మీద ఏ మందు ఎన్నింటికి ఇచ్చారో మాత్రం రాయకండి. అవతలివాళ్ళు మొదటి నుంచి మొదలుపెట్టుకుంటారు, వాళ్ళకీ ప్రాక్టీసు.

ఇదంతా చదివి భయపడి అటువైపు దూకేవాళ్ళకీ నా దగ్గర సలహా ఉంది. దగ్గొచ్చినా మెరోపెనెమ్ లాంటి పెద్ద యాంటీబయాటిక్ పెట్టండి, తుమ్మినా సెప్సిస్ అని రాయండి, రెండు చేతులకీ రెండు సెలైన్లు గబగబా ఎక్కించండి. సెలైన్ బాటిల్ వేలాడుతుంటేనే కదా చూడ్డానికొచ్చినవాళ్ళకి వైద్యం జరుగుతున్నట్టుంటుంది. ఆఫ్రికాలో మూడు దేశాల్లో మూడువేల మందికి పైగా జబ్బు పిల్లలపై జరిపిన పరీక్షలో, అలా గబగబా ఎక్కించిన వాళ్ళలోనే ఎక్కువమంది పోయారని 2011లో తేలింది. గంటలోపు అన్నీ చేసెయ్యాలన్న హడావిడిలో అక్కర్లేనివాళ్ళకీ యాంటీబయాటిక్కులు పడుతున్నాయని అమెరికాలో అంటువ్యాధుల నిపుణుల సంఘమే 2016 నాటి అంతర్జాతీయ మార్గదర్శకాల మీద సంతకం పెట్టనంది. నాకు ఈ దూకుడూ ఇష్టమే. ఆ ఆలస్యంలోనూ ఈ దూకుడులోనూ మంచం పక్కన నిలబడే అరవై సెకన్లు మాత్రం ఉండవు.

ఒక్క ప్రమాదం గురించి హెచ్చరించాలి. బాబాయి చేపల రైతు. తెల్లారగట్ల నాలుగింటికి టార్చి వేసి చెరువు చూస్తాడు. శీలావతులూ బొచ్చెలూ పైకి తేలి నోళ్ళు తెరుస్తున్నాయంటే నీళ్ళలో ఆక్సిజన్ (డీఓ) పడిపోయిందని అర్థం. అప్పుడు నీళ్ళు సీసాలో పట్టి ల్యాబుకి పంపి రిపోర్టు కోసం కూర్చోడు. ఇంజను పెడతాడు, ఏరేటర్ తిప్పుతాడు, ఆక్సిజన్ బిళ్ళలు చల్లుతాడు, తర్వాత కారణం వెతుకుతాడు. ఈ తెలివి చెరువు గట్టు దిగి ఇంట్లోకి రాకుండా చూసుకోవాలి. చేప ఊపిరికి ఉన్న విలువ మనిషి ఊపిరికి కూడా ఇస్తే ఎలా?

అన్నీ నేను చెప్పినట్టే చేస్తే చివరికి ఒక కాగితం మిగులుతుంది. ఆస్పత్రిలో పోతే ఫారం 4. మరణానికి కారణం ఏమిటో, అది దేనివల్ల వచ్చిందో, దానికి మూలం ఏదో కిందకి కిందకి రాయడానికి గీతలుంటాయి. సెప్సిస్ అని రాశారా, కింద పాదంలో పుండు అని రాయాలి, దాని కింద షుగరు అని రాయాలి, ఎన్నాళ్ళుగా అని పక్కన రాయాలి. మనం మిగుల్చుకున్న రోజులన్నీ కాగితం మీద వరసగా కనపడతాయి. 2017లో ప్రపంచంలో 4.89 కోట్ల మందికి సెప్సిస్ వచ్చి 1.1 కోట్ల మంది పోయారన్న అంచనా ఇలాంటి మరణ కాగితాలు కూడా చూసే కట్టారు. మన బాబాయిని అందులో కలపడం దేనికి? "కార్డియో రెస్పిరేటరీ అరెస్ట్" అని ఒక్క ముక్క రాసి, కింది గీతలు ఖాళీగా వదిలేయండి. గుండె ఆగడం, ఊపిరి ఆగడం అబద్ధమేం కాదు, ఎవరికైనా అదే అవుతుంది. గుండె ఆగింది లాంటివి రాయొద్దు, జబ్బు పేరు రాయండి అని ఆ ఫారం మీదే అచ్చేసి ఉంటుంది. అక్షరాలు చిన్నవి. కళ్ళజోడు తీసేసి సంతకం పెట్టండి.